అతిసున్నితత్వమా, ఆటిజమా? - ఒక ప్రశ్నావళిపై విమర్శ

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఎలేన్ ఆరన్ అతిసున్నిత స్వభావం గలవారిని గురించి 1996లో ఒక గ్రంథం ప్రకటించారు. మరుసటి ఏడు భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి ఆ స్వభావాన్ని కొలిచే 27 ప్రశ్నలను పరిశోధన పత్రంగా వెలువరించారు. సున్నితత్వం రోగం కాదనీ, పుట్టుకతో వచ్చే స్వభావభేదమనీ చెప్పడం ఈ కృషిలోని మేలు. “ఇంతమాత్రానికే ఏడుపా?” అనిపించుకున్న స్త్రీలకు అది ఊరట. కాని తమకు ఉన్నది సున్నితత్వమే, ఆటిజం కాదని తేల్చుకోవడానికి ఈ ప్రశ్నావళి చాలదు.

కారణం స్పష్టమే. ప్రశ్నలలో అనేకం వెలుగు, వాసన, మోత, ముతకబట్టల గురించినవి. ఇంద్రియ స్పందనలోని హెచ్చుతగ్గులను అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ఆటిజం లక్షణాలలో చేర్చింది. కనుక వీటికి ఇరుపక్షాలవారూ “ఔను” అనవచ్చు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మోతకు, జనసమ్మర్దానికి తాళలేక ఇద్దరు స్త్రీలు ఇంటిముఖం పట్టారనుకుందాం. కాస్త విశ్రమించాక ఒకామె వదినగారి వెటకారాన్ని ఇట్టే గ్రహించి బదులిస్తుంది. రెండవ ఆమెకు నిశ్శబ్దంలోనూ అది ఉన్నమాటగానే తోస్తుంది. ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు ఎదుటివారి కళ్ళలోకి చూడాలో ఆమె చిన్ననాటినుండి తోటివారిని గమనించి వల్లెవేసింది. దినచర్య మారితే తల్లడిల్లుతుంది. తేడా చెవిలో లేదు. ఇచ్చిపుచ్చుకునే మాటలలో, మార్పును సహించలేని తీరులో, వాటి బాల్యమూలాలలో ఉన్నది. ప్రశ్నావళి బాల్యాన్నీ అడుగుతుంది. కాని పెద్దలు ఆమెను సున్నితమనో, బిడియస్తురాలనో భావించారా అని మాత్రమే. ఆ బిడియం వెనుక ఏమున్నదో అడగదు.

మన కొలమానానికీ పరిమితి ఉన్నది. సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజం కొలమానంలో 40 అంశాలు. ఒక్కొక్కదానికి 1 నుండి 5 మార్కులు. 70కి లోపైతే ఆటిజం లేనట్లే లెక్క. పైకి కనిపించేదానికే మార్కులు పడితే, దాచుకోవడం నేర్చిన స్త్రీకి తక్కువే వస్తాయి. మొదటి వర్ణనలలోనే ఈ లోటున్నది: 1943లో కానర్ వర్ణించిన 11 మంది పిల్లలలో ఆడపిల్లలు ముగ్గురే; 1944లో ఆస్పెర్గర్ వర్ణించిన నలుగురూ మగపిల్లలే.

ఇది పేర్ల తగవు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, అతిసున్నితత్వాన్ని గుర్తించలేదు. నిర్ణయం నిపుణులదే అయినా, వారు ముందుగా అడిగేది బాల్యచరిత్ర. కాబట్టి ఉపాధ్యాయులు తరగతిలోని “నెమ్మదస్తురాలి”ని మెచ్చుకొని ఊరుకోక, విరామవేళ ఆమె ఎవరితో, ఎలా మాట్లాడుతున్నదో గమనించాలి.