ఆకలి లెక్కలూ ఆడపిల్ల విల్లూ

కౌమారంలో ఉన్న పిల్లల కోసం రాసే నవలల్ని మనం సాధారణంగా విమర్శకి పెట్టం. చదువుకుంటారు, పెద్దయ్యాక మరిచిపోతారు అని వదిలేస్తాం. కానీ 2008లో సుజాన్ కాలిన్స్ 'ద హంగర్ గేమ్స్' వచ్చాక అమెరికాలో మొదలైన డిస్టోపియా నవలల వెల్లువని అలా వదిలెయ్యడానికి వీల్లేదు. డిస్టోపియా అంటే ఆదర్శలోకానికి తలకిందులు, రేపు రాగల పీడకల. ఈ నవలల్లో ఆ పీడకలకి ఎదురు తిరిగేది చాలాసార్లు పదహారేళ్ళ అమ్మాయి. సాహసాలన్నీ అబ్బాయిలకి రాసిచ్చి అమ్మాయిలకి ఎదురుచూపులు మిగిల్చిన సాహిత్యంలో ఇది చిన్న మార్పేమీ కాదు. 'బలమైన అమ్మాయి పాత్ర' అంటూ స్త్రీవాదులు కూడా ఈ నవలల్ని భుజానికెత్తుకున్నారు. ఆ మెప్పుకి ఇవి అర్హమైనవేనా? కొన్ని అర్హమైనవే అని నా అభిప్రాయం. అయితే ఎందుకు మెచ్చుకుంటున్నామో ఆ కారణం దగ్గరే నాకు పేచీ ఉంది.

'హంగర్ గేమ్స్' గురించి క్లాసులో అడిగితే నా విద్యార్థినులు ముందుగా చెప్పేది కాట్నిస్ విల్లు గురించే. గురి తప్పదు, ఏడవదు, ఎవరికీ తలవంచదు. సినిమా పోస్టర్లు కూడా మనకి చూపించింది ఆ విల్లునే. కానీ నవల మొదటి అధ్యాయంలో విల్లు కన్నా నన్ను ఎక్కువసేపు ఆపింది ఒక లెక్క.

పానెమ్ అనే దేశంలో పన్నెండు జిల్లాలు, వాటిని పిండుకు తినే ఒక రాజధాని. ఎప్పుడో తిరుగుబాటు చేసినందుకు శిక్షగా ప్రతి ఏడాదీ జిల్లాకి ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ చీటీ తీసి పంపాలి. ఆ ఇరవై నలుగురూ ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. పన్నెండేళ్ళు నిండిన పిల్లల పేరు చీటీల్లో ఒకసారి చేరుతుంది, ఏటా ఒకటి చొప్పున పెరుగుతుంది. ఇంతవరకూ చట్టం అందరికీ సమానమే. అయితే ఇంట్లో తిండి లేని పిల్లలు ఇంకో చీటీ వేసుకుంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడీ సరిపడని ధాన్యం, నూనె ఇస్తారు. దాని పేరు టెసెరా. తల్లికీ చెల్లికీ తనకీ కలిపి ఏటా మూడు టెసెరాలు తీసుకున్న కాట్నిస్ పేరు పదహారేళ్ళకి ఇరవై చీటీల మీద ఉంటుంది. అయిదుగురి కడుపు నింపాల్సిన గేల్ పేరు పద్దెనిమిదేళ్ళకి నలభై రెండు చీటీల మీద. మేయరు కూతురు పేరు అయిదు చీటీలకి మించి ఉండదు. ఆ అమ్మాయి మీద గేల్ విసుక్కుంటాడు. పేదవాళ్ళకీ కాస్త ఉన్నవాళ్ళకీ మధ్య పగ రగలాలనే రాజధాని ఈ ఏర్పాటు చేసిందని కాట్నిస్‌కి తెలుసు.

చావుని లాటరీగా చూపించి, ఆ లాటరీలో ఆకలిని బరువుగా వేసిన ఈ పద్ధతిని చదువుతున్నప్పుడు, ఇది పిల్లల పుస్తకం కదా అనే చిన్నచూపు నాలో మిగల్లేదు. వర్గం అంటే ఏమిటో పన్నెండేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా చెప్పడానికి ఇంతకన్నా సూటి మార్గం నాకు తోచదు. అందరికీ ఒకే చట్టం ఉండి కూడా అందరికీ ఒకే ప్రమాదం ఉండదన్న సంగతి ఇందులో ఉంది.

ఇక కాట్నిస్ బలం ఎక్కడిది? గనిలో పేలుడికి తండ్రి చనిపోయేనాటికి ఆమెకి పదకొండేళ్ళు. తల్లి దుఃఖంలో కూరుకుపోయి మంచం దిగదు. ఇల్లు నడిపే పని ఆ పిల్ల నెత్తిన పడింది. అడవిలో దొంగతనంగా వేటాడటం, ఉడతల్ని అమ్ముకోవడం, దుంపలు తవ్వుకోవడం అన్నీ ఆ ఇంటి పనే. అసలు ఆమె పేరే ఒక తినే దుంపది. చెల్లి ప్రిమ్ పేరు మాత్రం ఒక్క చీటీ మీదే ఉంచింది, టెసెరా తీసుకోనివ్వలేదు. ఆ ఒక్క చీటీయే బయటికొచ్చినప్పుడు తాను ముందుకెళ్ళింది. దీన్ని వీరోచితం అంటే నాకు సగమే నిజం అనిపిస్తుంది. సంసారం మోసే పెద్దకూతురు చేసే పనికి ఇది కొనసాగింపు. ఆ చాకిరీని చూడకుండా విల్లుని మాత్రమే చూస్తే, మగవాడి ఆయుధం అందుకున్నప్పుడే ఆడపిల్ల బలమైనది అని మళ్ళీ మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఈ తేడా 2011లో వచ్చిన వెరోనికా రాత్ 'డైవర్జెంట్' పక్కన పెడితే బాగా తెలుస్తుంది. షికాగో నగరంలో మనుషుల్ని స్వభావాన్ని బట్టి అయిదు వర్గాలుగా విడదీస్తారు. ఒకరు త్యాగశీలులు, ఒకరు ధైర్యవంతులు, ఒకరు జ్ఞానులు, ఇలా. కథానాయిక ట్రిస్ ఏ ఒక్క గూటిలోనూ ఇమడదు, అదే ఆమె ప్రత్యేకత. మరి ఈ నగరంలో ఎవరు ఎవరి చెమట మీద బతుకుతున్నారు? ఏ గూటికీ చెందని వాళ్ళు కూలి పనులు చేస్తూ పస్తులుంటారని నవలే చెబుతుంది. వాళ్ళ ఆకలి మాత్రం కథకి ఇరుసు కాలేదు. ఇరుసంతా ట్రిస్ ఎవరన్నదే. 2013లో వచ్చిన మూడో భాగం 'అలీజియంట్'కి వచ్చేసరికి డైవర్జెంట్లంటే జన్యువుల్లో లోపం సరయినవాళ్ళని తేలుతుంది. జన్యువుల్ని బట్టి మనుషుల్ని వేరుచెయ్యడం తప్పని రచయిత్రి వాదించిన మాట నిజమే. కానీ నాయిక గొప్పతనానికి పునాదిని రక్తంలో వేశాక ఆ వాదన ఎంతవరకు నిలబడుతుంది? పుట్టుకని బట్టి మనిషిని కొలిచే సమాజంలో బతుకుతున్న మనం ఈ ఒక్క విషయంలో ఉదారంగా ఉండలేం. ట్రిస్ కూడా తుపాకి పట్టుకుంటుంది, కొండలాంటి రైలెక్కి దూకుతుంది. 'బలమైన అమ్మాయి' కొలతతో చూస్తే ఇద్దరూ సమానమే. ఆ కొలత ఎంత బోలుదో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

అయితే కాలిన్స్‌కి కూడా పూర్తి మార్కులు వెయ్యలేను. పదకొండో జిల్లా నుంచి వచ్చిన రూ అనే పన్నెండేళ్ళ నల్ల పిల్ల ఉంది. ఆరుగురు పిల్లల్లో పెద్దది. పంట పండించే జిల్లాలో పుట్టి, ఆ పంట తింటే కొరడా దెబ్బలు తినే జనంలో పెరిగింది. పొలం, కొరడా, నల్లరంగు మేనిచాయ, ఇవన్నీ అమెరికా బానిసత్వ చరిత్ర నుంచి వచ్చినవని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. రూ చావు కాట్నిస్‌ని మార్చింది, మనల్ని ఏడిపించింది. కానీ ఆ పిల్ల కథలోకి వచ్చింది అందుకోసమేనా? కాట్నిస్‌కి ఒక అంతరాత్మ ఇచ్చి తను వెళ్ళిపోవడానికేనా? ఈ ప్రశ్న పుస్తకం దాటి బయటికి కూడా వచ్చింది. 2012 సినిమాలో రూ పాత్రని నల్లజాతి బాలిక వేసినందుకు ట్విట్టర్‌లో కొందరు పాఠకులు కోప్పడ్డారు. నవలలో ఆమె ముదురు గోధుమరంగు చర్మం గురించి స్పష్టంగా రాసి ఉంది. చదువుతూ కన్నీళ్ళు పెట్టుకున్న వాళ్ళే ఆ వాక్యాన్ని దాటేశారు. కాట్నిస్‌ది కూడా చామనఛాయ, నల్లని జుట్టు. ఆ పాత్రకి నటి కావాలన్న ప్రకటనలో మాత్రం శ్వేతజాతి అమ్మాయినే అడిగారు. ఎవరి బాధని ఎవరి ముఖంతో చూపిస్తే అమ్ముడవుతుందో మార్కెట్‌కి ముందే తెలుసు. రాజధాని అలంకారాలని నవల వెక్కిరిస్తే, 2013లో రెండో సినిమాకి కవర్‌గర్ల్ కంపెనీ అదే రాజధాని పేరుతో మేకప్ సామాను అమ్మింది.

రెండో లోపం రాజకీయమైనది. 2010లో వచ్చిన మూడో భాగం 'మాకింగ్‌జే'లో తిరుగుబాటు నాయకురాలు కాయిన్, తానూ ఇంకో నియంతే అని తేలుతుంది. ఓడిన రాజధాని పిల్లలతో మరోసారి ఆ ఆట ఆడిద్దామంటుంది. కాట్నిస్ బాణం చివరికి ఆమెకే తగులుతుంది. ఒక స్త్రీ గద్దెనెక్కినంత మాత్రాన గద్దె స్వభావం మారదని చెప్పే ధైర్యం ఇందులో ఉంది, అది నాకు నచ్చింది. కానీ పోరాడిన జిల్లాల జనానికి ఈ నవలలో ముఖాలు లేవు. గనుల్లో పొలాల్లో వాళ్ళు ఎలా కూడబలుక్కున్నారో, ఎవరు ఎవర్ని నమ్మారో మనకి దాదాపుగా తెలియదు. పాలకులూ తిరుగుబాటుదారులూ ఇద్దరూ ఒకటే అని పుస్తకం మూసి హాయిగా నిద్రపోయే వీలు మధ్యతరగతి పాఠకులకి దొరికింది.

వింత ఏమిటంటే ఆ ఖాళీని పాఠకులే పూరించారు. కాట్నిస్ జిల్లాలో మూడు వేళ్ళెత్తడం చనిపోయినవాళ్ళకి వీడ్కోలు చెప్పే పాత అలవాటు. 2014 మేలో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి యువత ఆ మూడు వేళ్ళూ ఎత్తి అరెస్టయ్యారు. 2021లో మయన్మార్‌లో సైనిక కుట్ర తర్వాత డాక్టర్లూ నర్సులూ ఎత్తారు. నవల రాయని సమూహాన్ని వాళ్ళు వీధిలో రాశారు. పుస్తకానికి దక్కిన మెప్పుల్లో అసలైనది ఇదే అనుకుంటాను.

చివరి పేజీల గురించి స్త్రీవాదుల్లోనే తగువు ఉంది. కాట్నిస్ పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కనడం లొంగుబాటని కొందరంటారు. నేను ఒప్పుకోను. పిల్లల్ని కనడానికి ఆమెకి పదిహేనేళ్ళు పట్టింది. భయం పోలేదు, పీడకలలు ఆగలేదు, ఎవరికోసం అరీనాలోకి దిగిందో ఆ చెల్లెలు దక్కలేదు. గెలిచిన పిల్ల చెక్కుచెదరకుండా ఇంటికి రాదని రాయడం ఈ వెల్లువలో అరుదు. పోస్టర్ మీద నిలబడ్డ విల్లమ్మాయి కంటే ఈ చితికిపోయిన మనిషి నాకు దగ్గరగా అనిపిస్తుంది.

ఇంతకన్నా పెద్ద పని చేసిన పుస్తకం ఇంతకుముందే ఉంది. నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పారబుల్ ఆఫ్ ద సోవర్' 2024 జులైలో, పదిహేనేళ్ళ లారెన్ ఒలమీనాతో మొదలవుతుంది. ఎదుటివాళ్ళ నొప్పి తన ఒంట్లో తెలిసే పిల్ల ఆమె. గోడ వెనకున్న తమ పేట తగలబడ్డాక రోడ్డున పడి, దారిలో కలిసిన తల్లుల్నీ పిల్లల్నీ అప్పుబానిసత్వం తప్పించుకొచ్చిన వాళ్ళనీ కలుపుకుంటూ ఉత్తరానికి నడుస్తుంది. గెలవాల్సిన ఆట లేదు, బతకాల్సిన ఊరు కట్టుకోవాలి, అంతే. జనం ఎలా జనమవుతారో కాలిన్స్ రాయని ఆ భాగం ఇక్కడ ఉంది. ఈ నవల న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకి ఎక్కింది 2020లో. బట్లర్ 2006లోనే కన్నుమూసింది. పొగడ్త ఎవరికి త్వరగా అందుతుంది, ఎవరికి చచ్చాక అందుతుంది అన్నది కూడా విమర్శ అడగాల్సిన ప్రశ్నే.

కాబట్టి 'హంగర్ గేమ్స్'ని మెచ్చుకుందాం, ఆకలి లెక్క కట్టినందుకు, గెలుపు ఖరీదు దాచనందుకు. దాని నీడలో మొలిచిన చాలా నవలల్ని ఆ మెప్పులోంచి తప్పిద్దాం. మనలో ఆడపిల్లల కోసం రాయాలనుకునే వాళ్ళకి ఒక మాట. నాయిక చేతికి ఏ ఆయుధం ఇవ్వాలా అని ఆలోచించేముందు, ఆ ఇంట్లో అన్నం ఎవరు సంపాదిస్తున్నారో, ఎవరు వండుతున్నారో, ఎవరు చివర్లో తింటున్నారో రాయండి. ఆమె ఎవరితో కలిసి నడుస్తుందో రాయండి. బలం సంగతి పాఠకురాలే తేల్చుకుంటుంది.