యెల్లెస్టాడ్ పడవ, పాయింట్ రోజీ గోడలు

తీరప్రాంతాల్లో మట్టికింద పడిన పాత ఊళ్లను యంత్రాలతో వెతకడం ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి నార్వేలోని యెల్లెస్టాడ్, రెండోది కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ నైరుతి తీరాన ఉన్న పాయింట్ రోజీ. రెండుచోట్లా చర్చకు వచ్చింది వైకింగుల జాడలే. ఒకచోట పడవ దొరికింది, మరోచోట ఏమీ దొరకలేదు.

యెల్లెస్టాడ్‌లో ఒక రైతు పొలంలో నీరు బయటికి పోయే కాలువ వేసుకోవాలనుకున్నాడు. పక్కనే పేరున్న పాత సమాధి దిబ్బ ఉంది. అందుకే పలుగు పడకముందే, 2018లో, పరిశోధకులు బండికి రాడార్ బిగించి పొలమంతా తిప్పారు. రాడార్ రేడియో తరంగాలను నేలలోకి పంపుతుంది. మట్టి గుణం మారినచోట అవి వెనక్కి వస్తాయి, ఎంతసేపటికి వచ్చాయో చూసి లోతు లెక్కకడతారు. దుక్కి పొరకు కాస్త కిందనే సుమారు 20 మీటర్ల పడవ ఆకారం తేలింది. చుట్టూ, ఎప్పుడో దున్నేసిన దిబ్బల వలయాకార కందకాలు, పొడవాటి ఇళ్ల ఆనవాళ్లు. నా దృష్టిలో పడవకన్నా ఈ పరిసరమే విలువైనది. సముద్రపు పాయ అప్పట్లో ఆ చోటికి మరింత దగ్గరగా ఉండేది. ఆ ఒడ్డున అధికారం చెలాయించిన ఒక స్థావరం మొత్తం ఒక్క గుంతా తవ్వకుండానే కళ్లకు కట్టింది.

పాయింట్ రోజీలో ఆధారం ఉపగ్రహ చిత్రాలు. పురావస్తు శాస్త్రవేత్త సారా పార్కాక్ బృందం పచ్చిక రంగులోని తేడాలను గోడల గుర్తులనుకుంది. నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే మాగ్నెటోమీటర్ కూడా అక్కడ ఏదో ఉందనే చెప్పింది. 2016లో టీవీ డాక్యుమెంటరీ వచ్చి ప్రపంచమంతా ఆశపడింది. తవ్వితే వైకింగులున్నారనడానికి ఆధారమే లేదని ఆ బృందమే నివేదిక ఇచ్చింది. అలా ఒప్పుకోవడం శాస్త్రానికి గౌరవం తెచ్చిన పని. కానీ తవ్వకం పూర్తికాకముందే జరిగిన ప్రచారం తొందరపాటు.

తేడా యంత్రంలో మాత్రమే లేదు. యెల్లెస్టాడ్‌లో ఒక ఆకారానికి మరో ఆకారం సాక్ష్యం పలికింది, పక్కన తెలిసిన దిబ్బ ఉంది. పాయింట్ రోజీలో మాగ్నెటోమీటర్ సూచన తప్ప గుర్తులను నిలబెట్టే ఆధారం ఇంకేదీ లేదు.

అలాగని రాడార్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పడవ ఆకారం చూపిన రాడార్, అందులోని చెక్క కుళ్లిపోతోందని చెప్పలేకపోయింది. ఆ సంగతి 2019లో వేసిన పరీక్ష కందకంలో బయటపడింది. శిలీంధ్రం పట్టిందని తెలిశాకే 2020లో హుటాహుటిన తవ్వకం మొదలైంది. చివరికి చెక్క చాలావరకు పోయి, మిగిలినవి ప్రధానంగా ఇనుప మేకులే. అదే న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు కొసన ఉన్న వైకింగ్ స్థావరం లాన్స్ ఓ మెడోస్‌ను 1960లో కనుగొన్నది యంత్రంతో కాదు, స్థానికులను అడిగి. అక్కడ నమ్మకం కలిగించింది తవ్వకంలో దొరికిన కంచు సూది, నూలు వడికే కదురు బిళ్ల.

మన కృష్ణా తీరానికి ఈ పోలిక అక్కరకొస్తుంది. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ చెప్పిన రేవు కంటకస్సుల ఘంటసాలేనని పండితుల అభిప్రాయం. అయితే అలాంటి చోట్ల వెతకబోతే తడి బంకమట్టి, ఉప్పునీరు రాడార్ తరంగాలను మింగేస్తాయి. డెల్టా నల్లమట్టిలో నార్వే ఫలితమే రావాలనుకోవడం పొరపాటు. అక్కడ కాల్చిన ఇటుకను పసిగట్టే మాగ్నెటోమీటర్, మట్టి విద్యుత్ నిరోధాన్ని కొలిచే సర్వే, చిన్న బోర్లు కలిపి వాడాలి. యెల్లెస్టాడ్ నుంచి తెచ్చుకోవాల్సింది కాలువకన్నా ముందు సర్వే చేయాలన్న ఆ క్రమాన్ని. మన పాటిదిబ్బల (పాత ఊళ్ల దిబ్బల) మట్టి ఎరువుగా పొలాలకు తరలిపోతూ వచ్చింది. మిగిలిన దిబ్బల్లో పునాదులకు, రోడ్లకు అనుమతి ఇచ్చేముందు నేలకింద సర్వేను తప్పనిసరి చేయాలని పురావస్తు శాఖను, పంచాయతీలను కోరుతున్నాను.