ఆ రంగు గీకకండి

పాత అంబాసిడర్‌ని ఇంటికి తెచ్చుకుని సొంతంగా బాగుచేద్దామనుకునేవాళ్లలో చాలామంది ముందు చేసే పని దాన్ని నిలువునా విప్పేయడం. తలుపులు, బానెట్, బంపర్లు, సీట్లు ఊడదీసి ఓ మూల పేర్చి, రంగు గీకడానికి కూర్చుంటారు. షోరూమ్ నుంచి నిన్ననే దించినట్టు కనిపిస్తేనే రెస్టొరేషన్ అని వాళ్ల లెక్క. నా లెక్క వేరు. ఇంటి షెడ్డులో పానా పట్టే ఔత్సాహికుడు ఇంజిన్, బ్రేకులు, వైరింగు జోలికి ఎంత లోతుగానైనా వెళ్లొచ్చు. బాడీ, రంగు, సీట్ల దగ్గర మాత్రం ఎంత తక్కువ చేస్తే అంత మేలు. ఇది బద్ధకస్తుల వాదంలా వినిపిస్తే, ఆ బండి ఎలా తయారైందో ఒకసారి చూడండి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాగా 1957లో మొదలై, 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారుకి లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడుగునా సాగే డొల్ల గడప, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. తుప్పు ముందు పట్టేది ఆ గడపలకే. లోపల ఇనప కమ్ములు అడ్డం వేసి బిగించకుండా, తలుపులు తీసేసిన బాడీలో ఆ గడపను కోస్తే నడుము కుంగుతుంది. అది కంటికి కనబడదు. కొత్త రేకు వెల్డింగ్ చేసి తలుపు బిగించినప్పుడు గానీ సంగతి బయటపడదు. ఆ తర్వాత బందులు ఎంత సర్దినా తలుపు సరిగా పడదు. ఇంజిన్ సంగతి అలా కాదు. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, పోత ఇనుము బ్లాకు. కంప్యూటరు వాసనే లేదు. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత తీసి, పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండేలా ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి. గేజ్ రేకు కొద్దిగా రాసుకుంటూ జారాలి, ఇరుక్కోకూడదు. తప్పు పెడితే బండి దగ్గుతుంది. మూత తీసి మళ్లీ సర్దుకోవచ్చు. ఏళ్ల తరబడి నిలిచిపోయి పిస్టన్లు పట్టేసిన ఇంజిన్‌కైనా, ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో పల్చటి ఆయిల్ పోసి, నాలుగు రోజులు నాననిచ్చి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో మెల్లగా కదిపి చూడొచ్చు. తొందరపడి సెల్ఫ్ కొడితేనే రింగులు విరుగుతాయి.

వైరింగు కూడా అంతే, ఓపికకు లొంగే పని. అంబాసిడర్ బ్రిటిష్ లూకాస్ పద్ధతినే అనుసరించింది. ఇగ్నిషన్ కట్టేసినా కరెంటు ఉండేది బ్రౌను తీగ, తాళం తిప్పాక వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, హెడ్‌లైట్లకు నీలం, ఎర్తుకు నలుపు. ప్రతి తీగకూ చీటీ అంటించి, ఫొటో తీసి, ఒక్కొక్కటే మార్చుకుంటే ఎవరైనా చేయగలరు.

రంగుకి ఈ వెసులుబాటు లేదు. గీకిన పొర మళ్లీ రాదు. డాష్‌బోర్డు కింద, తలుపు అంచు రబ్బరు వెనక మిగిలిన ఫ్యాక్టరీ రంగే బండి మొదట ఏ రంగులో వచ్చిందో, ఆ పైన ఎన్నిసార్లు పూశారో చెప్పే సాక్ష్యం. మరో సంగతి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇప్పటి టూ-ప్యాక్ రంగుల హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు శాశ్వతంగా ఉబ్బసం తెప్పించగలవు, దుమ్ము మాస్కు వాటిని ఆపదు. పిల్లలు తిరిగే ఇంట్లో పెట్టుకోవాల్సిన పని కాదది.

మెరవని బండికి విలువేముందని అడుగుతారు. 2015లో పారిస్‌లో బైయోన్ కుటుంబం వారి కార్లు వేలానికి వచ్చాయి. దశాబ్దాలుగా షెడ్లలో పడి ఉన్న ఆ బళ్లను దుమ్ము కూడా దులపకుండానే పెట్టారు. వాటిలో ఒక ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ దాదాపు 1.63 కోట్ల యూరోలు పలికింది. అంబాసిడర్‌కి ఫెరారీకి పోలికా అంటే, ధరలో లేదు, ఒప్పుకుంటాను. కానీ పాతబళ్ల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఖరీదైన బళ్లకే పరిమితం కాదు: ఉన్నదాన్ని కాపాడటానికే మొదటి చోటు, చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టాలి అంటుంది. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో వచ్చిన మార్పు కూడా, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా చెడని బండినే వింటేజ్‌గా గుర్తించి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తుంది. మార్క్ 2 అంబాసిడర్లు చాలావరకు ఇప్పటికే ఆ వయసు దాటాయి. సరదాకి కొత్త ఇంజిన్ ఎక్కించి, బాడీ కోసి మార్చుకున్నవాళ్లకు ఆర్టీఓ ఆఫీసులో చిక్కే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: తుప్పును అలా వదిలేస్తే మిగతా రేకునూ తినేయదా? తింటుంది. అయితే తుప్పును ఆపడం వేరు, బండిని మెరిపించడం వేరు. రబ్బరు మ్యాటు కింద నిలిచిన నీరు తుడిచి, గడప కింద మట్టితో పూడుకున్న రంధ్రాలు తెరిచి, వదులు తుప్పును బ్రష్షుతో రాల్చి, డొల్ల భాగాల్లోకి మైనం మందు కొడితే చాలావరకు నిలుస్తుంది. రేకు చిల్లులు పడి నడుమే పోయిన బండికి ఇది సరిపోదు. దాన్ని జిగ్గు, అనుభవం ఉన్న టింకరింగ్ షాపుకి పంపాల్సిందే. బ్రేకులు, టైర్ల దగ్గర అసలుతనం అనే మాటే ఎత్తకూడదు. వీల్ సిలిండర్ రబ్బర్లు, హోస్ పైపులు, టైర్లు కొత్తవే వేయాలి, ట్రెడ్ ఎంత మిగిలినా సరే. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

మరి బాడీ పని ముట్టుకోకపోతే ఔత్సాహికుడు ఆ విద్య నేర్చుకునేదెప్పుడు? న్యాయమైన ప్రశ్నే; పాతకాలం మేస్త్రీలు ఒక్కొక్కరే పని మానేస్తున్న రోజుల్లో మరీను. నేర్చుకోవాలి, అయితే ఆ బండి మీద కాదు. తుక్కు దుకాణంలో పనికిరాని అంబాసిడర్ తలుపు తూకానికి దొరుకుతుంది. దాని మీద ఎన్ని బొక్కలు పడినా అడిగేవాడు లేడు.