ముఖం మూసిన చెయ్యి

బక్రీద్ వస్తుందంటే చాలు, డెస్కులో ఎవరో ఒకరు అంటారు: "భాయ్, కత్తి నూరావా?" ఇరవై ఏళ్లుగా నవ్వి ఊరుకుంటున్నాను. ఆ కత్తి గాల్లో ఉన్న బొమ్మ ఒకటి నా దగ్గరుంది.

1635లో రెంబ్రాంట్ వేసిన తైలవర్ణ చిత్రం, అబ్రహాం బలి. ఆరడుగులు దాటిన కాన్వాసు, సెంట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. నాది అచ్చుప్రతి. వాళ్ల అబ్రహామే మా ఇబ్రాహీం అలైహిస్సలాం.

దేవదూత వచ్చి ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు విడిపోయాయి. కత్తి జారింది, ఇంకా నేల తాకలేదు. కత్తి అనగానే మా ముఖాల్లోకి చూసేవాళ్లు, అది పడిపోతోందన్న సంగతి కూడా చూడాలి గదా!

నా కళ్లు మాత్రం రెండో చేతి మీదికే పోతాయి. ఆ చెయ్యి కొడుకు ముఖాన్ని నిండా కప్పేసింది. మొరటు చెయ్యి, గోధుమరంగు. దాని కింద పిల్లవాడి మెడ, ఛాతీ, పొట్ట తెల్లగా వెలుగుతున్నాయి. ఆ ఒంటి మీద కుంచె జాడ తెలియనంత నున్నగా పరిచాడు రంగు. ముసలాయన గడ్డం దగ్గరికొచ్చేసరికి కుంచె గరుకెక్కింది. కొడుకు కళ్లలోకి చూస్తే చెయ్యి ఆడదనే మూశాడేమో.

ఇక్కడే నాకు పేచీ. ఖురాన్ 37వ సూరాలో కొడుకు పేరు లేదు. మేము ఇస్మాయిల్ అంటాం, బైబిల్ ఇస్సాకు అంటుంది. పేరు సంగతి అలా ఉంచండి. మా కథలో తండ్రి తన కల చెప్పి, నువ్వేమంటావని కొడుకునే అడుగుతాడు. కొడుకు సరేనంటాడు. తర్వాత నుదురు నేలకానించి పడుకోబెట్టాడు కాబట్టి ముఖం మా కథలోనూ కనబడదు. కానీ అప్పటికే తన మాట చెప్పేశాడు. రెంబ్రాంట్ పిల్లవాడి చేతులు వెనక్కి కట్టాడు, నోరూ మూశాడు. బొమ్మకు అంత భయం వచ్చింది అందుకేనని ఒప్పుకుంటాను. మా తరఫున ఎప్పుడూ ఇంకెవరో మాట్లాడేచోట బతుకుతున్నవాణ్ణి, ఆ మూసిన నోరు నన్ను వదలదు.

1655లో ఇదే సన్నివేశాన్ని రాగిరేకు మీద మళ్లీ చెక్కాడు. దేవదూత వెనకనుంచి ముసలాయన్ని వాటేసుకుంటాడు. హడావుడి తగ్గింది. చెయ్యి మాత్రం ఇంకా పిల్లవాడి కళ్ల మీదే.

పెద్ద బొమ్మ అమ్మీకి చూపించాను. నబీల బొమ్మలేంట్రా అని మొహం తిప్పుకుంది. కాసేపయ్యాక తనే అడిగింది: "బేటా, ఆ పిల్లగానికి ఊపిరాడుతుందా?"