‘పడవ ప్రయాణం’: తీరిక ఎవరిది?

పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ మీద వచ్చే జవాబుల్లో రెండు అభిప్రాయాలు తరచుగా కనిపిస్తాయి. ఇది కాలువ మీద రాత్రిపూట తీరిగ్గా సాగే ప్రయాణాన్ని వర్ణించే కథ, మధ్యలో ఒక దొంగతనం జరుగుతుంది అన్నది మొదటిది. మొగుడు ఎన్ని బాధలు పెట్టినా విడిచిపెట్టని రంగి పతిభక్తిని చాటే కథ అన్నది రెండోది. రెండూ కథను చిన్నది చేసేవే. ఈ కథలో తీరిక అలంకారంగా వచ్చింది కాదు. కథ నడిచేది దాని మీదే. పైగా ఆ తీరిక పడవలో ఉన్న అందరిదీ కాదు.

ముందు పడవ సంగతి చూద్దాం. చంద్రగిరి ప్రాంతంలో పెరిగిన విద్యార్థికి ఇది కొంచెం కొత్తగా ఉంటుంది. మన స్వర్ణముఖి ఏడాదిలో చాలా భాగం ఇసుకే. కోట చూడవచ్చినవారు ఎక్కేది బస్సో ఆటోనో తప్ప పడవ కాదు. కృష్ణా నీటిని చెన్నై వైపు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ మన జిల్లాల మీదుగానే వెళ్తుంది గానీ, అది నీళ్ల కోసం తవ్వినదే, ప్రయాణం కోసం కాదు. గోదావరి డెల్టా కాలువల సంగతి వేరు. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తవ్విన కాలువలను పొలాలకు నీళ్లివ్వడానికీ, పడవలు నడపడానికీ కలిపే రూపొందించారు. నేల వాలు ఉన్నచోట నీటి మట్టం మారుతుంది కాబట్టి అక్కడక్కడా లాకులు కట్టారు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. లోపలి నీళ్లు నింపిగానీ వదిలిగానీ మట్టం సరిచేస్తారు. అప్పుడు ముందు తలుపులు తెరిస్తే పడవ సాగిపోతుంది. ఈ పని జరిగేదాకా పడవలు వరసగా ఆగాల్సిందే. లాకుల దగ్గర జనం చేరేవారు, అంగళ్లు వెలిసేవి. అక్కడ దీపం ఉండేది, పలకరింపు ఉండేది, ఏ పడవ ఎప్పుడు వచ్చిందో చూసే మనిషి ఉండేవాడు. ఒక లాకు దాటి రెండోది వచ్చేదాకా మాత్రం చీకటి, నీళ్లు, గట్టు, అంతే.

ఇలాంటి నీటి దారి గోదావరి జిల్లాలతో ఆగలేదు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణ నుంచి కొమ్మమూరు కాలువ, అక్కడినుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా సరుకు వెళ్లేది. సూళ్లూరుపేట వైపు నుంచి వంటచెరకు ఆ దారినే పట్నం చేరేది. రాయలసీమలో కూడా కర్నూలు–కడప కాలువను మొదట పడవలకు పనికొచ్చేలా లాకులతోనే కట్టారు. అక్కడ పడవల రాకపోకలు నిలవలేదు, సాగునీరే మిగిలింది. మన కథల్లో పడవ అంతగా కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

గాలి అనుకూలంగా లేనప్పుడు కాలువ పడవను గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో లాగేవారు. అంటే పడవ వేగం మనిషి నడక వేగమే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కథ మరోలా కనబడుతుంది. కదిలే బస్సులోకి ఎవరూ గట్టు మీద నుంచి పిలిచి ఎక్కలేరు, సరుకు దించుకుని చీకట్లో కలిసిపోలేరు. పడవలో ఆ రెండూ సాధ్యం. పద్దాలు, రంగి దారి మధ్యలో పడవ ఎక్కుతారు. రంగి మాటతో, పాటతో పడవవాళ్లను తనవైపు తిప్పుకుంటుంది. ఆ రాత్రే పద్దాలు సరుకుతో మాయమవుతాడు. కథకుడికి హాయినిచ్చిన ఆ మెల్లని నడకే పద్దాలుకు దారి చూపింది.

కథకుడు చదువుకున్నవాడు, ప్రయాణికుడు. రాత్రినీ నీళ్లనూ చూస్తూ ఒకలాంటి దిగులులో మునిగిపోవడానికి అతనికి వెసులుబాటు ఉంది. అదే రాత్రి పడవవాళ్లకు పనిరాత్రి. రంగికి కూడా అంతే. ఆమె పాట మనకు సరదాగా వినిపిస్తుంది గానీ, ఆ పాట కూడా ఆమె పనిలో భాగమే. ఒకే పడవ, ఒకే చీకటి, వేరువేరు మనుషులకు వేరువేరు కాలం. పద్మరాజు ఈ మాట ఎక్కడా విడమరిచి చెప్పడు. ప్రకృతి వర్ణన అని మనం దాటేసే వాక్యాల్లోనే దాన్ని ఉంచాడు. అందుకే ఆ వర్ణనను కథ నుంచి విడదీసి ‘శైలి’ అనే శీర్షిక కింద మెచ్చుకోవడం సరికాదు.

(పద్మరాజు 1915లో తిరుపతిపురంలో పుట్టాడు. పేరు చూసి మన తిరుపతి దగ్గర అనుకోకండి. అది పశ్చిమ గోదావరిలో అత్తిలి పక్క ఊరు. కాలువలు అతనికి ఊహ తెలిసిన నాటి నుంచీ తెలుసు. కాకినాడ పి.ఆర్. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించాడు.)

ఇక రంగి. పద్దాలు ఆమెను కొట్టాడు, మరో ఆడదాన్ని తెచ్చుకున్నాడు. ఇవన్నీ ఆమే చెబుతుంది. అయినా అతని కోసం దొంగతనానికి తోడుపడి, దొరికిపోయి, ఆ నేరం మోయడానికి ఒక్కతే పడవలో మిగులుతుంది. దీన్ని పతిభక్తి అని రాసేవారు ఒకటి గమనించాలి. పురాణ పతివ్రత ధర్మం పేరు చెప్పుకుని నిలబడుతుంది. రంగి ఏ ధర్మాన్నీ సాక్ష్యం పిలవదు. దొంగతనానికి సిగ్గుపడదు, తన ప్రేమకు సంజాయిషీ ఇవ్వదు. జాలి చూపమనీ అడగదు. వాడు ఎటు పోయినా తన దగ్గరికే తిరిగి వస్తాడన్న లెక్క ఆమెది. ఆ లెక్క సరైనదో కాదో కథ తేల్చదు. తేల్చకపోవడం రచయిత తప్పించుకోవడం కాదు. తేల్చి ఉంటే రంగి ఒక నీతికి ఉదాహరణగా మిగిలేది.

అయితే ఒక అభ్యంతరం న్యాయమైనదే. దెబ్బలు తిన్న ఆడమనిషి నిబ్బరాన్ని కథకుడు ఒక అంతుపట్టని రహస్యంలా, ఆశ్చర్యంగా చూస్తాడు. రహస్యం అన్నాక ఆ దెబ్బల గురించి ఇంకేమీ అడగనక్కర్లేదు. స్త్రీవాద విమర్శ చదివిన నేటి విద్యార్థికి ఇక్కడ ఇబ్బంది కలగడం సహజం, దాన్ని జవాబులో నిస్సంకోచంగా రాయవచ్చు. కాకపోతే కథకుడి చూపును రచయిత చూపుగా తీసుకోకూడదు. చీకట్లోకి చూస్తూ దిగులుపడిన మనిషికే రంగి రహస్యంలా కనబడుతుంది. పడవవాళ్లకు ఆమెలో రహస్యమేమీ లేదు. తమ సరుకు పోయింది, ఆమె దొరికింది, అప్పగించాలి.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన ‘గాలివాన’తో దీన్ని పోల్చి చదవండి. అక్కడా చదువుకున్న ప్రయాణికుడే, పేదరాలే, దొంగతనమే. కానీ అక్కడ వాహనం రైలు, కాలం తుఫాను రాత్రి. తుఫాను రావుగారి సూత్రాలన్నిటినీ ఒక్క రాత్రిలో కూల్చేస్తుంది. ఆ బిచ్చగత్తె చనిపోయాక తన పర్సు ఆమె చేతిలోనే వదిలేసేంతగా అతను మారతాడు. ‘పడవ ప్రయాణం’లో అంతటి కుదుపు లేదు. కాలువ నీరు అలాగే ఉంటుంది, పడవ నడక అలాగే ఉంటుంది. కథకుడు ఎంత మారాడో చెప్పడం కష్టం. మారినా ఆ మార్పు రంగికి ఏ విధంగానూ అక్కరకు రాదు, ఆమె దిగవలసిన చోటు ముందుకు వస్తూనే ఉంటుంది.