యంత్రమూ కంఠమూ: స్టీవీ వండర్ సంగీత ప్రస్థానం

యంత్రం ప్రవేశించిన చోట కళలో ఆర్ద్రత హరించిపోతుందన్న వాదం సంగీత విమర్శలో తరచుగా వినిపిస్తుంది. అమెరికాకు చెందిన నల్లజాతి గాయకుడు, వాద్యకారుడు, నిర్మాత స్టీవీ వండర్ కృషిని పరిశీలించినప్పుడు ఈ వాదాన్ని కొంత సవరించుకోవలసి వస్తుంది. చర్చిలలో పాడే గాస్పెల్ గానం నుంచి, రిథమ్ అండ్ బ్లూస్ నుంచి రూపుదిద్దుకున్న సోల్ సంగీతానికి కంఠమే ప్రాణం. ఆ కంఠానికి ఎలక్ట్రానిక్ స్వరాలను జతచేసి, దాని శక్తిని ఇనుమడింపజేసిన వారిలో ఆయన అగ్రగణ్యుడు.

1950లో మిషిగన్ రాష్ట్రంలోని సాగినాలో నెలలు నిండకముందే జన్మించి, శైశవంలోనే చూపు కోల్పోయిన వండర్ 1961లో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల సంస్థలో చేరారు. 1963లో, 13 ఏళ్ల వయసులో, ఆయన పాట ‘ఫింగర్‌టిప్స్’ అమెరికాలో ప్రథమ స్థానాన్ని అందుకుంది. మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల కర్మాగారంలో పనిచేసినవాడు. అక్కడి శ్రమ విభజననే ఆయన పాటల తయారీకి వర్తింపజేశాడు. రచన ఒకరిది, వాద్యం వేరొకరిది, నాణ్యతా నిర్ణయం ఇంకొకరిది. ఈ పద్ధతి ఎన్నో మంచి పాటలను ఇచ్చిన మాట నిజమే. కాని అందులో గాయకుడు ఒక అంగం మాత్రమే. అంటే సింథసైజర్ రాకముందే అక్కడ యాంత్రికత నెలకొని ఉన్నది.

1971లో 21 ఏళ్లు నిండడంతో వండర్ పాత ఒప్పందం ముగిసింది. న్యూయార్క్‌లో మాల్కమ్ సెసిల్, రాబర్ట్ మార్గులెఫ్‌లు రూపొందించిన ‘టోంటో’ అనే బృహత్ సింథసైజర్ ఆయనను ఆకర్షించింది. మోటౌన్‌తో కుదిరిన కొత్త ఒప్పందంలో తన రచనలపై ఆయన అధికారం సాధించుకున్నారు. ఆ ఇద్దరి సహకారంతో 1972–74 మధ్య వెలువడిన నాలుగు ఆల్బమ్‌లు సోల్ సంగీతపు దిశను మార్చాయి.

వాటిలో 1973 నాటి ‘ఇన్నర్‌విజన్స్’లోని ‘లివింగ్ ఫర్ ద సిటీ’ విశేషంగా పేర్కొనదగినది. మిసిసిపీ పేద కుటుంబంలో పుట్టిన యువకుడు న్యూయార్క్ చేరి, దిగీదిగగానే చెరసాల పాలయ్యే కథ అది. దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు సాగిన నల్లజాతి వలసల చరిత్ర అందులో ప్రతిధ్వనిస్తుంది. వాద్యాలన్నీ వండరే వాయించారు. 1976 నాటి ‘విలేజ్ గెటో ల్యాండ్’లో మురికివాడ దైన్యాన్ని వర్ణించే పదాలకు రాజాస్థానపు తంత్రీవాద్య గోష్ఠిని తలపించే సింథసైజర్ నాదం నేపథ్యం. ఆ వైరుధ్యమే పాటలోని నిశితమైన వ్యంగ్యం. ఇక్కడ యంత్రం అలంకారం కాదు, అర్థంలో భాగం.

అయితే ఈ సమన్వయం ఎల్లకాలం నిలవలేదు. 1984లో వచ్చి, ఆ తరువాత ఆస్కార్ పొందిన ‘ఐ జస్ట్ కాల్డ్ టు సే ఐ లవ్ యూ’లో మాధుర్యం ఉంది కాని అన్వేషణ లేదు. వాద్యం సులభమైన కొద్దీ స్వరకల్పన కూడా సులభమార్గం పట్టిందనిపిస్తుంది. మరోవంక 1980 నాటి ‘హ్యాపీ బర్త్‌డే’ మార్టిన్ లూథర్ కింగ్ జయంతిని జాతీయ సెలవుదినంగా ప్రకటించాలన్న ఉద్యమానికి బలమిచ్చింది. 1983లో అది చట్టమై, 1986లో అమలులోకి వచ్చింది.

టోంటోను కెనడాలోని కాల్గరీలో ఉన్న జాతీయ సంగీత కేంద్రం 2018 నాటికి పునరుద్ధరించింది. వాద్యాలను పరిరక్షించడం సంస్కృతీ సంస్థల విధి. ఆ వాద్యంతో తాను ఏమి పలికించాలో నిర్ణయించుకునే హక్కు కళాకారునికి దక్కినందువల్లనే టోంటో చరిత్రకెక్కిందన్న సంగతిని కూడా ఆ సంస్థలు గుర్తించవలసి ఉన్నది.