నిదానము

తెలుగులో నిదానమను మాటకు రెండర్థములు గలవు. రోగమునకు మూలకారణమును నిర్ణయించుట వైద్యుల వాడుక. తొందరపడక నెమ్మదిగా నడచుకొనుట లోకుల వాడుక. ఈ రెండర్థములును ఒక్క కారు మేస్త్రి చేతిపనిలో కలిసిపోయి యుండగా నేను విజయవాడ ఆటోనగరులో, నూనె మరకలతో నల్లబడిన నేలమీద, బానెట్టు ఎత్తియున్న నా కారు ముందర నిలిచి చూచితిని.

ఆ కారు టర్బో గల డీజిలు బండి. ఊరిలో తిరుగునప్పుడు దానియందు ఏ లోపమును కనబడెడిది కాదు. జాతీయ రహదారిమీద ముందు పోవు లారీని దాటవలెనని మూడవ గేరులో ఆక్సిలరేటరు త్రొక్కినంతనే, ముందునకు దుముకవలసిన బండి, ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు ప్రాంతమున, ఊపిరి బిగబట్టినట్లు ఒక్క క్షణము తటపటాయించి, వెనుకనుండి నల్లపొగ గ్రక్కి, ఆ పిదప అయిష్టముగా కదలుచుండెడిది. ఎదుటినుండి బస్సు వచ్చుచున్నవేళ ఆ ఒక్క క్షణమెంత దీర్ఘమో అనుభవించినవారికే తెలియును. అంతకు మునుపు ఒక వర్కుషాపువారు డీజిలు ఫిల్టరును, పిమ్మట గాలిని కొలుచు సెన్సారును మార్చి, జబ్బు తగ్గకపోగా, ఇక టర్బోనే మార్చవలెనని సెలవిచ్చిరి.

ఇంజనులో కాలిన వాయువు ఇంకను వేడిని, వేగమును నింపుకొనియే సైలెన్సరు గుండ వృథాగా పోవుచుండును. ఆ పోవుదానిచేత ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసునకు రెండవ కొసనున్న చక్రముచేత బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి పంపుటయే టర్బో చేయు పని. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ ఊహకు పేటెంటు పొందెను. నేటి చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషమునకు 1,50,000 చుట్లకు మించియు తిరుగగలదు. అదిమిన గాలి వేడెక్కును గనుక దానిని ఇంటర్‌కూలరులో చల్లార్చి ఇంజనునకు అందింతురు. ఈ ప్రయాణమంతయు రబ్బరు హోసులలోను, లోహపు గొట్టములలోను, వానిని పట్టియుంచు క్లిప్పుల నడుమను జరుగును. టర్బో వేగమందుకొనుటకు కొంత వ్యవధి పట్టుట సహజమే. కాని ఆ జాప్యము మొదటినుండియు ఒకే తీరున, తక్కువ చుట్లయందే కనబడి, చుట్లు పెరిగిన కొలది తొలగిపోవును. నిన్నటివఱకు లేనిది నేడు వచ్చినచో అది స్వభావము కాదు, రోగము.

రోగిని పరీక్షించుటకు ఆయుర్వేదము దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడుపాయములు చెప్పినది. ఈ మేస్త్రి ఆ శాస్త్రమును చదివినవాడు కాడు. అయినను అతడు మొట్టమొదట పానా చేతబట్టలేదు, ప్రశ్న వేసెను. “బాబుగారూ, బండి ఎత్తు మీదే ముక్కుతోందా, తిన్నని రోడ్డు మీద కూడానా? తాళం తీసి మళ్ళీ వేస్తే కాసేపు బాగుంటుందా?” అని అడిగెను. “లేదు మేస్త్రిగారూ, తాళం తీసి వేసినా అంతే” అంటిని. ఆ రెండవ ప్రశ్నలోని లోతు నాకు తరువాత బోధపడినది. టర్బోలోని రెక్కలు మసిచేత పట్టుకొనిపోయి ఒత్తిడి అదుపు తప్పినప్పుడు, బండిలోని కంప్యూటరు ఇంజనును కాపాడుటకై దాని బలమును తానే కుదించును. తాళము తీసి మరల వేసినచో తఱచుగా ఆ కట్టు సడలి, మరల కొంతదూరము బండి చక్కగా పోవును. నా బదులుతో ఆ అనుమానము తేలికపడినది.

పిమ్మట బండిలోని కంప్యూటరునకు స్కానరు తగిలించెను. పి 0299 అను లోపసంఖ్య వచ్చినది. వెనుకటి వర్కుషాపులోను ఈ సంఖ్యయే వచ్చియుండెను. టర్బోనుండి రావలసినంత ఒత్తిడి రాలేదని అది చెప్పును. ఎందులకు రాలేదో చెప్పదు. లక్షణమును కారణమని భ్రమించుటచేతనే మునుపటివారు టర్బో మార్చుమనిరి. ఈతడు ఆ సంఖ్యను చూచి ఊరకొని, నన్ను ప్రక్కన గూర్చుండబెట్టుకొని బండిని రహదారికి తోలి, మూడవ గేరులో పూర్తిగా త్రొక్కి, హెల్పరు కుఱ్ఱవానిచేత అంకెలు చదివించెను. ఇంజను కోరిన గాలి ఒత్తిడి 2.1 బార్; వచ్చినది 1.5 బార్. డీజిలు ఒత్తిడి మాత్రము కోరినంతయు వచ్చుచుండెను. ఫిల్టరు పూడిపోయినచో పడిపోవలసినది ఈ డీజిలు ఒత్తిడి అంకె. అది నిలుకడగా నున్నది గనుక లోపము ఇంధనములో లేదు, గాలి త్రోవలో నున్నదని నాలుగు నిమిషములలో తేలిపోయెను. ఈ నాలుగు నిమిషములు లేకపోవుటచేతనే నేను ఒక ఫిల్టరునకును ఒక సెన్సారునకును వెల చెల్లించితిని.

షెడ్డునకు తిరిగివచ్చి అతడు చేతిని ఇంటర్‌కూలరు హోసు అడుగునకు పోనిచ్చి, కన్నులు మూసికొని, జపమాల త్రిప్పినట్లు మెల్లగా జరుపుకొనుచు పోయెను. వ్రేళ్లు ఒకచోట నిలిచినవి. బయటికి తీయగా వేలికొనలపై నూనెతో ముద్దగట్టిన దుమ్ము. టర్బోనుండి వచ్చు గాలిలో కొలదిగా నూనె తేమ యుండుట వింత కాదు. అది హోసు బయట కనబడుటయే వింత. అచ్చట రబ్బరు చూపునకు అఖండముగానే యున్నది. అప్పుడు గొట్టము మూతిని మూసి, టైర్లకు గాలిపట్టు కంప్రెసరునుండి ఒత్తిడి తగ్గించి ఒక బార్ గాలి పంపి, సబ్బునురుగు పూసిరి. హోసు ఉబ్బినది, ఉబ్బిన కొలది అడుగున అంగుళము పొడవున సన్నని చీలిక పెదవులవలె విచ్చి, నురుగు బుడగలుగా పొంగినది. గాలి ఆపినంతనే ఆ పెదవులు మరల ముడుచుకొనిపోయినవి. ఊరిలో నెమ్మదిగా తిరుగునప్పుడు లోపమేల కనబడలేదో, టర్బో బలముగా నూదిన క్షణమునందే బండి యేల తటపటాయించినదో, కావలసిన గాలి చాలక డీజిలు అరకొరగా కాలి నల్లపొగ యేల వచ్చినదో, ఆ బుడగలను చూచినంతనే అన్నియు ఒక్కసారిగా అర్థమైనవి.

మేస్త్రి ఆ హెల్పరు వేలు పట్టుకొని చీలికమీద ఆనించి, “చూడరా, కంటికి కనబడదు, వేలికి దొరుకుద్ది” అనెను. ఐ.టి.ఐ. ముగించి వచ్చిన ఆ కుఱ్ఱవాడు ఇంటర్‌కూలరు బొమ్మను పరీక్షలో గీసియే యుండును. కాని ఆ మెత్తని నూనెముద్ద స్పర్శ నేర్చుకొనినది ఆ పూటనే. పానాలందించుచు, గురువు చేతివెంట తన చేయి పోనిచ్చుచు ఏండ్ల తరబడి నేర్చు ఈ విద్య ఏ గ్రంథమునను పూర్తిగా లేదు.

అన్ని బండ్ల జబ్బును ఇట్టిదే కాదు. పెట్రోలు టర్బోలో అదిమిన గాలి నడుమ నిప్పురవ్వ ఎగురుట కష్టము గనుక, ప్లగ్గు సందు అరిగి పెరిగినను, కాయిలు బలహీనమైనను, బరువు పడినప్పుడే ఇంజను కుదుపులిచ్చును. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్. 6 నిబంధనలు వచ్చిన పిమ్మటి డీజిలు బండ్లలో మసిని పట్టు ఫిల్టరు, ఎల్లప్పుడు ఊరిలోనే తిరుగుటచే పూడిపోయి, ఇంజను ఊపిరి వదలు త్రోవకే అడ్డుపడవచ్చును. కారణములు మారును, అడుగుట, చూచుట, కొలుచుట, తాకుట అను వరుస మారదు. స్కానరును చూచి పాత మేస్త్రులకు కాలము చెల్లినదనువారితో నేను ఏకీభవింపజాలను. ఆ అంకెలను అడుగవలసిన తీరు తెలిసినవాడు పాతవాడే.

నా బండికి వేసిన క్రొత్త హోసు వెల టర్బో వెలలో ఇరువదవ వంతైనను లేదు. అయినను భాగమునకు అడిగినంత వెల ఇచ్చు మనము, పరీక్షకు కూలి యిచ్చుటకు సంకోచింతుము. అందుచేతనే పరీక్షింపక భాగములు మార్చువారు వర్ధిల్లుచున్నారు. చదువరులారా, మీ బండి త్రొక్కినప్పుడు తటపటాయించినచో, ఏ గేరులో, ఎంత వేగమున, ఎట్టి రోడ్డుమీద అది జరిగినదో గుర్తుంచుకొని మేస్త్రికి చెప్పుడు. ఏ భాగమును మార్చకపూర్వమే అతనిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని ఒక మారు రహదారికి పొండు. ఏమియు మార్చకుండ లోపము కనిపెట్టి చెప్పినను, ఆ కనిపెట్టినందులకు అతనికి కూలి యిండు.